తిత్తి పేజీకి ఏడు రోజులు

సోమవారం పొద్దున పదింటికి, ఒంగోలు పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పిల్లలకి వైర్లు పంచుతూ ఉండగా, వర్ధని ఫోనులో కావలి గుర్తు పచ్చ నుంచి పసుపుకి మారింది. ముందు ఆమె పట్టించుకోలేదు. కరెంటు బిల్లు యాప్ గురించో మరొకదాని గురించో అనుకుంది. తర్వాత పేరు చదివింది. "తిత్తి: నమ్మకం పరిశీలనలో ఉంది." వైర్ల కట్ట బల్ల మీద పడేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

తిత్తి ఆమె రాసిన ప్రోగ్రాం. ఆమె భర్త మాలకొండయ్య ఊపిరి దాని మీదే నడుస్తోంది.

కొండయ్య చీమకుర్తి గ్రానైటు క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవాడు. ఎనిమిదేళ్ళ కిందట ముప్ఫై అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. మెడ విరిగింది. తల ఒక్కటే తిరుగుతుంది. మెడ కింద ఏదీ కదలదు, ఊపిరి కూడా దానంతట అది రాదు. ఏడు నెలలు వెంటిలేటర్ మీద ఉంచారు. రెండుసార్లు ఊపిరితిత్తులు చీము పట్టాయి. మూడోసారి పడితే మా చేతుల్లో ఉండదని డాక్టర్లు మొహం మీదే చెప్పారు. ఆ సమయంలోనే కొత్తగా వచ్చిన పేసర్ పెట్టారు. కందిగింజంత పరికరం. మెడ నరం పక్కన కూర్చుని ఊపిరి కండరాన్ని తట్టి లేపుతుంటుంది. ఎప్పుడు తట్టాలో, ఎంత గట్టిగా తట్టాలో మంచం పక్కనున్న ఫోను చెబుతుంది. మూడేళ్ళు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా తీసింది, ఫోనులోని వాళ్ళ ప్రోగ్రాం మూతపడింది. పరికరాలు మాత్రం మనుషుల ఒంట్లో ఉండిపోయాయి.

అప్పుడు రాసింది వర్ధని తిత్తిని. ఆమెతో కలిసి రాసింది లిస్సమ్మ అనే మలయాళీ నర్సు. నెల్లూరు ఆసుపత్రిలో పన్నెండేళ్ళు పనిచేసి ఆలప్పుళకి వెళ్ళిపోయిన మనిషి. ఆమె తమ్ముడు బిజూ పడవ ఇంజన్ల మెకానిక్. నీళ్ళలోకి దూకి మెడ విరగ్గొట్టుకున్నాడు, అతని మెడలోనూ అదే పేసర్. ఈ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు నేరుగా చూడలేదు, కానీ నాలుగేళ్ళుగా ఫోనులో మాట్లాడుకోని రోజు లేదు. ప్రోగ్రాముకి పేరు పెట్టింది కొండయ్య. "మా నాయన కొలిమి కాడ తిత్తి కొట్టేవోడు. ఇప్పుడు నువ్వు నాకు కొడతన్నావు," అన్నాడు నవ్వుతూ. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్రపంచం మొత్తం మీద రెండొందల పన్నెండు మంది దాంతో ఊపిరి పీలుస్తున్నారు.

వర్ధని విజ్ఞాన సర్వస్వం తెరిచింది. ఆన్‌లైన్లో ఎవరైనా రాయగలిగే ఆ సర్వస్వంలో తిత్తి గురించి ఆరు లైన్ల పేజీ ఒకటి ఉంది. ఎవరో పిల్లాడు ఎప్పుడో ముచ్చటపడి రాసింది. ఇప్పుడు దాని నెత్తిన ఎర్ర పెట్టె ఉంది. "ఈ వ్యాసాన్ని తొలగించాలని ప్రతిపాదన. విషయ ప్రాముఖ్యత కనబడదు. ఉన్న లింకులన్నీ తయారుచేసినవాళ్ళు రాసుకున్నవే. బయటివాళ్ళు రాసిన ఆధారాలు ఏడు రోజుల్లో చూపాలి." కింద ప్రతిపాదించినవారి మారుపేరు: జల్లెడ.

ఒక పేజీ పోతే పోయిందని ఊరుకునే రోజులు కావవి. అంతకు కొన్నేళ్ళ ముందు దొంగ ప్రోగ్రాములు విరుచుకుపడి ఊళ్ళకి ఊళ్ళే నీళ్ళ మోటార్లు ఆగిపోయాక, ఫోన్ల కంపెనీలన్నీ ప్రతి ఫోనులోనూ ఒక కావలిని కూర్చోబెట్టాయి. ఏది అసలో ఏది నకిలీయో కావలికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. అది సర్వస్వాన్ని చదువుకుంటుంది. పేజీ ఉంటే తెలిసిన ప్రోగ్రాం, లేకపోతే ముక్కూమొహం తెలియనిది, గడప తొక్కనివ్వదు. ఇలా ఉండాలని ఎవరూ చట్టం చేయలేదు, మెల్లగా అలా అయిపోయింది. కొండయ్య మెడలోని పేసర్ కూడా కావలి సంతకం లేని ఫోను మాట వినదు.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, పగటిపూట కొండయ్యను కనిపెట్టుకుని ఉండే ఆడబిడ్డ అంకమ్మ సంచీ సర్దుకుంటోంది. ఆమెను పంపించి వర్ధని మంచం పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. కొండయ్య ఊపిరి బయటికి పోయేటప్పుడే మాట్లాడగలడు. మాట మధ్యలో ఆగి, పేసర్ తట్టాక మళ్ళీ అందుకుంటాడు.

"ఏంది, నేను ముఖ్యం కాదంటన్నాడా ఆయన?" అన్నాడు.

"నువ్వు కాదయ్యా. తిత్తి ముఖ్యం కాదంటన్నారు."

"రెండిట్లో తేడా ఏముందే?" అని నవ్వబోయాడు. నవ్వుకి ఊపిరి చాలలేదు. వర్ధనికి మాత్రం నవ్వు రాలేదు. వెంటిలేటర్ గొట్టం గొంతులో ఉన్న ఏడు నెలలూ అతను నోరు తెరిచి ఆమెను ఒక్కసారి కూడా పిలవలేకపోయాడు. తిత్తి ఆగితే ఆ రోజులు మళ్ళీ వస్తాయేమోనని ఆమెకు భయం, అంతకంటే ఎక్కువగా మూడోసారి చీము పడుతుందేమోనని భయం.

లిస్సమ్మ ఫోనులో ధైర్యం చెప్పింది. "పసుపే కదా. పసుపులో కొత్త ఫోనుకి కూడా ఎక్కుతుంది. నేను శనివారం బిజూకి ఫోను మారుస్తా, వాడి ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి ఉండాది. నువ్వు తొందరపడొద్దు వర్ధనీ. మా డాక్టరు చేత నేను రాయిస్తా. నిదానంగా చెపితే వాళ్ళు వింటారు."

మంగళవారం వర్ధని సర్వస్వం చర్చా పేజీలో పెద్ద ఉత్తరమే రాసింది. గంటలో జల్లెడ నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. "మీరు తయారుచేసినవారు కాబట్టి మీ మాటను ఆధారంగా తీసుకోలేము. ఏ పత్రికైనా, పుస్తకమైనా దీని గురించి రాసి ఉంటే చూపండి." మధ్యాహ్నం ఆమె ఒంగోలులో పేపరు విలేకరి ఖాజా దగ్గరికి పరిగెత్తింది. ఖాజా టీ తెప్పించాడు, ఓపిగ్గా విన్నాడు, తల గోక్కున్నాడు.

"అక్కా, దీంట్లో వార్త ఏముందక్కా? నాలుగేళ్ళ నుంచి నడస్తానే ఉంది గందా. ఏదన్నా జరిగితే గాని మా డెస్కోళ్ళు తీసుకోరు."

బుధవారం సాయంత్రం సింగయ్య వచ్చాడు. కొండయ్యతో కలిసి డ్రిల్లు పట్టిన మనిషి. ఇప్పుడు క్వారీ కార్మిక సంఘానికి పెద్ద. విషయం విని మంచం కోడు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"వదినా, ఒక్కదానివే ఉత్తరాలు రాసుకుంటా కూర్చుంటే ఎవుడు చూస్తాడు? మన వీధికి మంచినీళ్ళ పైపు ఎట్టా వచ్చింది? నాలుగొందల మందిమి మహజరు పట్టకపోయి కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే వచ్చింది. మంది లేకపోతే బంట్రోతు కూడా లేచి చూడడు. నువ్వు మేటరు రాయి, సంతకాలు నేను చూసుకుంటా."

మహజరు రాసే పద్ధతి చీమకుర్తిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దస్తూరీ బాగున్న ఒకరు నాలుగు ముక్కలు రాస్తారు. మిగతావాళ్ళు కింద సంతకాలు పెడతారు. ఎవరికి తోచింది వాళ్ళు రాస్తే అధికారి ముందు పలచనైపోతాం, అందరిదీ ఒకే మాట కావాలి. సర్వస్వం నియమాల్లో "మనుషులను పోగేసి అభిప్రాయాలు రాయించరాదు" అని ఒక లైను వర్ధని కంటపడింది. పడ్డా, అది డబ్బులిచ్చి మనుషుల్ని తోలుకొచ్చేవాళ్ళ గురించి అనుకుంది. వీళ్ళంతా కొండయ్యను భుజాన మోసినవాళ్ళు.

"లిస్సమ్మక్కకి ఒక మాట... చెప్పి చెయ్యి," అన్నాడు కొండయ్య.

"అయినాక చెప్తాలే. ఆమె నిదానం నిదానం అంటది. ఇంక నాలుగు రోజులే ఉంది," అంది వర్ధని.

గురువారం సంఘం ఆఫీసులో తిరనాళ్ళలా ఉంది. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే, ఒంటినిండా రాతిపొడితో వచ్చారు. సింగయ్య కూతురు ఒక్కొక్కరి ఫోనులో ఖాతా తెరిచిపెట్టింది. వర్ధని రాసిన నాలుగు వాక్యాలు, కింద వాళ్ళ పేరు. చీకటి పడే వేళకి మూడొందల పన్నెండు మంది "ఉంచాలి" అని రాశారు. చదువురాని ఓబులేసు తన వేలు పట్టుకుని నొక్కించమని, నొక్కాక "కొండన్నకి చెప్పమ్మా, నేనూ రాశానని," అన్నాడు. వర్ధని ఆఫీసు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి, పంపు తిప్పి, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది. ఎనిమిదేళ్ళలో ఊరంతా తన వెనక నిలబడిందని అనిపించిన రోజు అదొక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి ల్యాబులో చూసుకుంటే మూడొందల పన్నెండు అభిప్రాయాల మీదా అడ్డగీతలున్నాయి. "ఒకే ఊరు, ఒకే ఆఫీసు నెట్టు, ఒకే మాట. పరిగణించడం లేదు," అని ఎవరో నిర్వాహకులు రాశారు. ఆ ఊపులో లిస్సమ్మ రాసిన ఉత్తరం మీదా, ఆమె డాక్టరు రాసిన దాని మీదా కూడా గీత కొట్టేశారు. అంతటితో పోలేదు. దొంగ ప్రోగ్రాములవాళ్ళు చేసే మొదటి పని దొంగ జనాన్ని పోగేసి మంచిమాటలు రాయించుకోవడమే. కావలిని తయారుచేసిందే అలాంటి గుంపుల్ని పట్టుకోవడానికి. అది సోమవారం దాకా ఆగలేదు. వర్ధని ఫోనులో తిత్తి ఎర్రగా మారింది.

ల్యాబు మూలబల్ల మీద ఉప్పునీళ్ళ గిన్నెలో ఆమె ఒక పాత పేసర్ని ఉంచుకుంది. తిత్తిలో ఏ మార్పు చేసినా ముందు దాని మీదే పరీక్షిస్తుంది. పక్కనున్న ఫోను నుంచి తిత్తి తడుతుంటే ఆసిలోస్కోప్ తెర మీద పచ్చని కెరటం లేచి పడుతోంది. అంటే నడుస్తున్నది నడుస్తుంది. ఆమె ఆ ఫోను ఆపి మళ్ళీ వేసింది. "ఈ ప్రోగ్రాముకు అనుమతి లేదు." తెర మీద గీత అడ్డంగా సాగిపోయింది. పది నిమిషాలు రకరకాలుగా ప్రయత్నించింది. కెరటం లేవలేదు. ఆగిన ఫోనులో తిత్తి ఇక లేవదని ఆమెకు అర్థమైంది.

వెంటనే ఇంటికి ఫోను చేసింది. "వదినా, ఆయన మంచం పక్కన ఫోను ముట్టుకోమాక. ఛార్జరు ఊడకుండా చూడు. ఎవుర్నీ ఆ గదిలోకి రానీమాక."

"ఏమైంది వర్ధనీ?" అంది అంకమ్మ.

"వచ్చినాక చెప్తా."

రెండో ఫోను లిస్సమ్మకి చెయ్యాలి. అది వర్ధనికి తెలుసు. వేలు ఆ పేరు మీదకి వెళ్ళింది కూడా. కానీ చేస్తే ఎందుకు ఎర్రబడిందో చెప్పాలి. నిదానంగా ఉండమన్న మనిషికి, నీతో అనకుండా మూడొందల మందిని తోలానని చెప్పాలి. లిస్సమ్మ ఫోను మార్చేది రేపు కదా, ఈలోపు సర్దేస్తే చెప్పాల్సిన పనే ఉండదు అనుకుంది. జల్లెడ అసలు పేరూ నంబరూ సర్వస్వంలో ఆయన సొంత పేజీలోనే ఉన్నాయి: అనంతపద్మనాభం, రేపల్లెలో గ్రంథాలయాధికారిగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఫోను చేసింది.

ఆయన మొదట్లో కటువుగానే మాట్లాడాడు. "చూడండమ్మా, మూడొందల మందితో నా మీదకి దండెత్తితే ఎట్లా? రోజుకి రెండొందల చెత్త పేజీలు తీసేస్తుంటాం. నేనేమీ మీ మీద కక్షగట్టలేదు."

వర్ధని కొండయ్య సంగతి చెప్పింది. పేసర్ సంగతి, కావలి సంగతి, ఉప్పునీళ్ళ గిన్నెలో ఆగిన కెరటం సంగతి చెప్పింది.

"ఇది ఆ ఆరు లైన్లలో ఎక్కడా లేదేమ్మా?"

"ఉండేదండీ. రెండొందల మంది దీని మీద బతుకుతున్నారని ఒక లైను ఉండేది. ఆధారం లేదని రెండేళ్ళ కిందట తీసేశారు. తీసింది కూడా మీరే."

ముసలాయన గొంతు మారిపోయింది. "అయ్యో... కావలి సంగతి నాకేమి తెలుసమ్మా? అది మమ్మల్ని అడగదు, మేం దానికి చెప్పం. ఆ గీతలు కొట్టింది నిర్వాహకులు, నేను కాదు. అయినా నేను అడుగుతాను. ఇప్పుడే రాస్తాను." ఎవరికి రాయాలో, ఏమని రాయాలో ఆయనతో కలిసి ఆలోచిస్తూ ముప్పావుగంట గడిచిపోయింది.

అప్పుడు చేసింది లిస్సమ్మకి. రెండో రింగుకే ఎత్తింది. స్పీకర్లో పెట్టినట్టుంది, వెనకనుంచి రబ్బరు సంచీని పిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఊపిరాడనివాళ్ళకి చేత్తో గాలి కొట్టే సంచీ అది. వర్ధని ఇంట్లోనూ ఒకటుంది, ఆ చప్పుడు పోల్చుకోవడానికి ఆమెకు క్షణం పట్టలేదు.

"వర్ధనీ, ఎర్రది వచ్చింది! రేపు ఇక్కడ హర్తాళ్, షాపులుండవని ఇవాళే కొన్నా. పాతది ఆపి కొత్తదాంట్లో వేస్తే వద్దంటా ఉండాది. పాతది మళ్ళీ లేవడంలేదు. సోమవారం దాకా టైముంది కదా? ఎందుకు ఎర్రది? నీకేమైనా తెలుసా?"

"తెలీదక్కా," అంది వర్ధని.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. "ఫోను పెట్టొద్దు, మాట్లాడతా ఉండు," అంది లిస్సమ్మ. వర్ధని పెట్టలేదు. ల్యాబు తలుపు గడియ వేసి, ఫోను చెవికి ఆనించుకుని, ఆ సంచీ చప్పుడు వింటూ కూర్చుంది. పిండుతోంది, వదులుతోంది. అంబులెన్సు వచ్చింది. మలయాళంలో ఎవరో అరుస్తున్నారు. కాలవ మీద వంతెన దగ్గర దారి ఆగింది. లిస్సమ్మ తమ్ముడితో ఏదో చెబుతూనే ఉంది, సంచీ పిండుతూనే ఉంది. గంటా ఇరవై నిమిషాలకు ఆసుపత్రి గేటు దాటారు. అప్పటికే బిజూ గుండె ఆగిపోయింది. లిస్సమ్మ ఇంకా కొంతసేపు పిండింది. ఎవరో వచ్చి ఆమె చేతుల్లోంచి సంచీ తీసుకున్నాక లైను తెగిపోయింది.

బిజూకి ముప్ఫై ఒక్క ఏళ్ళు.

ఆదివారం మలయాళ పత్రికలన్నీ రాశాయి. సోమవారానికి ఇంగ్లీషు పత్రికలు, తెలుగు పత్రికలు. ఖాజా ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని చీమకుర్తి వచ్చాడు, కొండయ్య మంచం నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీయించాడు. వర్ధని మొహం చూసి ఏమనుకున్నాడో, ప్రశ్నలు మాత్రం అడగలేదు. పద్మనాభం తన ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నానని రాసి, తానే కూర్చుని ఒక్కో వార్తనూ ఆధారంగా చేర్చాడు. ఆరు లైన్ల పేజీ రెండు తెరలంత పొడుగైంది. "తిత్తి ఆగిపోవడంతో ఆలప్పుళలో బిజూ అనే రోగి మరణించడం దీనిని వెలుగులోకి తెచ్చింది," అని రాసి, పక్కన ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆధారాల అంకెలు వేశాడు. మధ్యాహ్నానికి చర్చ ముగిసింది. ఫలితం: ఉంచాలి. గంట తర్వాత కావలి పచ్చబడింది.

సాయంత్రం సంఘంవాళ్ళు వీధి మొదట్లో టపాసులు కాల్చారు. సింగయ్య దండ తెచ్చి కొండయ్య మెడలో వేయబోయి, మెడకి బరువవుతుందేమోనని మంచానికి తగిలించాడు.

"గెలిచాం వదినా! మంది మందే!" అన్నాడు.

అతన్ని ఏమనగలదు? అతని ప్రేమలో కల్తీ లేదు. "అవును అన్నా," అంది వర్ధని. వాళ్ళు వెళ్ళాక కొండయ్యకి మొత్తం చెప్పింది, ఆ "తెలీదక్కా" అన్న మాటతో సహా. కొండయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. "పాపం ఆ పిల్లోడు... మన వల్లే... పోయాడు," అన్నాడు. ఆ 'మన' అన్న మాటకి వర్ధని తల ఎత్తలేకపోయింది.

బిజూ పోయిన పదకొండో రోజున లిస్సమ్మ ఫోను చేసింది. వర్ధని కొండయ్యకి జావ పడుతోంది. రెండు చేతులకీ పని ఉండటంతో ఫోను స్పీకర్లో పెట్టింది.

"పేపర్లో రాశారు వర్ధనీ. మూడొందల మంది అంట. చీమకుర్తి అంట." లిస్సమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు పిలిచావా వాళ్ళని?"

"నేనే పిలిచానక్కా."

"ఆ రోజు అడిగితే తెలీదన్నావు."

"అన్నాను."

వర్ధని తప్పయిపోయిందక్కా అని చెప్పాలనుకుంది. పదకొండు రోజులుగా ఆ మాట చెప్పడం కోసమే ఎదురుచూస్తోంది. ఇప్పుడు నోటిదాకా వచ్చాక, అది ఇంత పెద్ద విషయానికి చాలీచాలని గుడ్డపేలికలా అనిపించింది.

"నీతో తగాదాకి చెయ్యలేదు నేను," అంది లిస్సమ్మ. "ఒకటి అడగాలి. రోజూ ఎవరెవరో ఆ పేజీ చూసి ఫోను చేస్తా ఉండారు, మా అమ్మకి కూడా. వాడి పేరు అక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు. పద్మనాభంగారిని అడిగా. ఇంటివాళ్ళు కోరితే తీసేస్తారంట. కానీ బిజూని తీస్తే ఆ వార్తలన్నీ తీయాలంట. అప్పుడు పేజీకి ఏమీ మిగలదు, మళ్ళీ తొలగించమని వస్తది అన్నారు. నాకు తిత్తితో ఇంక పని లేదు. మీకు ఉండాది. అందుకని నిన్ను అడగతా ఉండా. నువ్వు సరే అంటే తీయమంటా."

వర్ధని చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

"సరే అను," అన్నాడు కొండయ్య. ఊపిరి కోసం ఆగాడు. "సరే అను వర్ధనీ. ఆమె... అడిగింది ఒక్కటే గందా."

లిస్సమ్మకి కూడా ఆ మాట వినబడే ఉంటుంది. ఆమె ఎదురుచూసింది. మిగతా రెండొందల పది మంది కోసమని చెప్పొచ్చు. వర్ధనికి ఆ మాట తట్టింది కూడా. కానీ ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఆమెకు లేదు. ఆ క్షణాన ఆ రెండొందల పది మందిలో ఒక్కరి మొహమూ ఆమెకు గుర్తు రాలేదు.

"వద్దక్కా," అంది. "ఉండనీ."

"సరే," అంది లిస్సమ్మ. ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ చెయ్యలేదు.

వర్ధని చెంచా జావలో ముంచి కొండయ్య నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. అతను పెదాలు తెరవలేదు. ఆమె చెంచా అలాగే పట్టుకుని ఉంటే, తల గోడవైపు తిప్పుకున్నాడు. ఒంట్లో అతను తిప్పుకోగలిగింది అదొక్కటే.